ఇంట్లో వసపిట్ట, బడిలో బొమ్మ

బడి పిల్లల్ని అడిగే మొదటి మాట 'ప్రెజెంట్ టీచర్'. హాజరుపట్టీ చూసి పేర్లు పిలుస్తుంటే ఒకరి తర్వాత ఒకరు పలుకుతూ పోతారు. ఒక పేరు దగ్గర మాత్రం వరస ఆగుతుంది. ఆ పాప బెంచీ మీదే ఉంటుంది. తన పేరు వినబడింది, ఏమనాలో తెలుసు. అయినా పెదవులు బిగుసుకుపోతాయి, చూపు నేల మీంచి లేవదు. పక్కనున్న పిల్ల లేచి "టీచర్, ఆ అమ్మాయి మాట్లాడదు" అని చెబుతుంది. టీచరమ్మ టిక్కు పెట్టి తర్వాతి పేరుకు వెళ్లిపోతుంది. సాయంత్రం ఇంటి గుమ్మం దాటిందో లేదో అదే పాప వసపిట్ట. ఎవరు ఎవరిని గిల్లారో, ఎవరి డబ్బాలో ఏం కూరో, రైమ్‌లో టీచర్ ఎక్కడ తడబడిందో పూసగుచ్చినట్టు అమ్మకు అప్పజెబుతుంది. పేరెంట్స్ మీటింగులో "మీ పాప అసలు నోరే విప్పదండీ" అంటే తల్లి నమ్మదు. "ఇంట్లో నోరు మూయించలేక చస్తున్నామండీ" అంటే టీచర్ నమ్మదు. ఫోనులో వీడియో తీసి చూపిస్తే తప్ప తగవు తేలదు.

ఇద్దరూ చెప్పేది నిజమే. దీనికి వైద్యులు పెట్టిన పేరు సెలెక్టివ్ మ్యూటిజం. అయినవాళ్ల మధ్య మామూలుగా మాట్లాడే పిల్లలు, మాట్లాడక తప్పని వేరే చోట్ల, ముఖ్యంగా బడిలో, ఎంతకీ మాట్లాడలేకపోవడం దీని లక్షణం. ఆ మౌనం నెల రోజులు దాటి సాగాలి. కొత్తగా బడిలో చేరిన మొదటి నెల ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే ఆ నెలలో చాలామంది పిల్లలు బెదిరిపోయే ఉంటారు. చదువుకో స్నేహాలకో అది అడ్డం పడుతూ ఉండాలి. అక్కడి భాష రాకపోవడం, నత్తి, ఆటిజం వంటివి అసలు కారణమైతే దాన్ని ఈ పేరుతో పిలవరు.

ఇది మరీ అరుదైన జబ్బేమీ కాదు. 2002లో లాస్ ఏంజెలెస్ ప్రభుత్వ బడుల చిన్న తరగతుల్లో లెక్క తీస్తే నూటికి 0.71 మంది పిల్లల్లో కనిపించింది. ఆ మరుసటి ఏడాది జెరూసలేం బాలవాడీల్లో తీసిన లెక్క 0.76. అంటే వెయ్యి మంది చిన్నపిల్లలున్న చోట ఏడుగురు. మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో కాస్త ఎక్కువ. సాధారణంగా ఐదేళ్లు నిండకముందే మొదలవుతుంది, కానీ బడికి వెళ్లేదాకా బయటపడదు. ఇంట్లో మాట్లాడే బిడ్డకు మాట సమస్య ఉందని ఎవరైనా ఎందుకనుకుంటారు?

బయటపడ్డాక మన దగ్గర జరిగే తంతు అందరికీ తెలిసిందే. నాయనమ్మ సిగ్గంటుంది. ఊరి నుంచి వచ్చిన మేనత్త దిష్టి అంటుంది, తాయెత్తు కట్టిస్తుంది. చిన్నప్పుడు నాలుకకు వస సరిగ్గా రాయలేదని ఇంకొకరు నిష్ఠూరమాడతారు. టీచరేమో మొండి అంటుంది, కొంచెం విసుగున్న టీచరైతే పొగరంటుంది. "మూగనోము పట్టావా?" అన్న వెటకారం వరండాలోనే వినిపిస్తుంది. తండ్రి బెదిరిస్తాడు, లేదా మాట్లాడితే సైకిల్ కొనిపెడతానంటాడు. ఆ బిడ్డ నిజంగానే సైకిల్ కోసం ప్రయత్నిస్తుంది, గొంతు పెగలదు, సైకిలూ రాదు. ఆ రోజు నుంచి తన మీద తనకే ఒక అపనమ్మకం.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది మెచ్చుకోలు. అరవై మంది కిక్కిరిసిన తరగతిలో అల్లరి చేయని, ఎదురు చెప్పని, రాయమన్నది రాసేసే ఆడపిల్ల టీచర్‌కు వరం. 'బుద్ధిమంతురాలు' అని ప్రోగ్రెస్ కార్డులో రాసిచ్చి పై తరగతికి పంపేస్తారు. బాత్రూమ్‌కు వెళ్లాలని అడగలేక మధ్యాహ్నం దాకా బిగబట్టుకుని కూర్చున్న సంగతి ఆ కార్డులో ఉండదు. ఆటల్లో పడి మోకాలు చీరుకుపోయినా, ఎవరైనా పెన్సిలు లాక్కున్నా, ఇంకా పెద్ద అన్యాయం జరిగినా చెప్పలేని బిడ్డ బుద్ధిగా ఉందని సంతోషించడం పెద్దల పొరపాటు.

అయితే టీచర్లను, నాయనమ్మలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. వైద్యశాస్త్రమే ఈ మౌనాన్ని చాలాకాలం మొండితనం కిందే జమ కట్టింది. 1877లో దీన్ని మొదట నమోదు చేసిన జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మౌల్, ఇష్టపూర్వకంగా మాట మానుకోవడమనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1934లో స్విట్జర్లాండ్ వైద్యుడు మోరిట్జ్ ట్రామర్ పేరు మార్చాడు గానీ, పిల్లలు ఎంచుకునే మౌనంగానే చూశాడు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వ్యాధుల పట్టికలో దీన్ని చేర్చినప్పుడు కూడా మాట్లాడటానికి 'నిరాకరించడం' అనే రాసింది. 1994 నాటి పట్టికలో ఆ నిరాకరణ పోయింది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో దీన్ని ఆందోళన రుగ్మతల వరసలో కూర్చోబెట్టారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక కూడా అక్కడే పెట్టింది. ఇది భయమని ఒప్పుకోవడానికి వైద్యులకే 136 ఏళ్లు పట్టింది.

ఆ భయం ఎలా పనిచేస్తుంది? కొందరు పిల్లలు పుట్టుకతోనే కొత్తదనానికి ఎక్కువగా బెదురుతారని హార్వర్డ్ మనస్తత్వవేత్త జెరోమ్ కాగన్ పసిపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి చూపించాడు. నాలుగు నెలల వయసులో కొత్త బొమ్మకూ కొత్త వాసనకూ గట్టిగా కాళ్లూచేతులూ ఆడించి ఏడ్చిన పసివాళ్లలో చాలామంది తర్వాత జంకే పిల్లలయ్యారు. మాట్లాడని పిల్లల తల్లిదండ్రుల్ని కదిపితే, చిన్నప్పుడు తామూ నలుగురిలో నోరు విప్పలేకపోయేవాళ్లమని చెప్పేవాళ్లు తరచుగా తగులుతారు. అలాంటి బిడ్డను అందరూ ఒక్కసారి చూసి "చెప్పు" అన్నప్పుడు మెదడులోని ప్రమాద ఘంటిక మోగుతుంది. ఒళ్లు కొయ్యబారుతుంది, ముఖంలో ఏ భావమూ కనిపించదు. చూసేవాళ్లకు అది నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. పొగరన్న పేరు వచ్చేది ఆ ముఖం వల్లే.

తర్వాతి భాగాన్ని పెద్దవాళ్లు తెలియకుండా నేర్పిస్తారు. అపార్ట్‌మెంట్ లిఫ్టులో పైఫ్లాటు ఆంటీ "నీ పేరేంటమ్మా?" అంటుంది. పాప అమ్మ చున్నీ వెనక్కి చేరుతుంది. రెండు క్షణాలు గడుస్తాయి. అమ్మకు ఇబ్బంది, ఆంటీకి ఇబ్బంది. "సిగ్గండీ దీనికి" అని తల్లే పేరు చెప్పేస్తుంది. లిఫ్టులో ముగ్గురికీ ప్రాణం లేచి వస్తుంది. ఆ ఊరటలోనే చిక్కంతా ఉంది. మాట్లాడకపోతే భయం తగ్గుతుందని పాప నేర్చుకుంది, అడిగిన వాటికి తానే జవాబు చెప్పాలని తల్లి నేర్చుకుంది, ఇక ఈ పిల్లను అడగకూడదని ఆంటీ నేర్చుకుంది. ఇది పెళ్లిళ్లలో, కిరాణా కొట్లో, డాక్టరు దగ్గర కొన్ని వందలసార్లు జరిగాక మౌనం అలవాటుగా గట్టిపడుతుంది. ఇందులో తల్లి తప్పేమీ లేదు. బిడ్డ ఇబ్బంది పడుతుంటే ఆదుకోని తల్లి ఉంటుందా?

ఇంట్లో ఏదో జరిగి ఉంటుందన్న అనుమానం కూడా చాలామందికి వస్తుంది. అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో చిన్నతనంలో అత్యాచారానికి గురై దాదాపు ఐదేళ్లు మూగబోయిన కథ ప్రపంచానికి తెలుసు. ఆ మౌనం వేరు. అంతవరకూ అన్నిచోట్లా మాట్లాడిన బిడ్డ ఒక ఘటన తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతే వెంటనే కారణం వెతకాల్సిందే, అందులో ఆలస్యం కూడదు. మొదటి నుంచీ ఇంట్లో మాట్లాడుతూ బయట మాట్లాడని పిల్లల సంగతి అలాంటిది కాదు. బ్రూస్ బ్లాక్, థామస్ ఉడే అనే అమెరికా వైద్యులు ఇలాంటి 30 మందిని పరీక్షించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో 97 శాతం మందికి నలుగురిలోకి వెళ్లాలంటే తీవ్రమైన భయం ఉన్నట్టు తేలింది. దెబ్బలో గాయాలో దీనికి మూలమనడానికి ఆధారం దొరకలేదు. తల్లిదండ్రుల్ని నేరస్తుల్లా నిలబెట్టి ప్రశ్నించే అలవాటు మానుకోవడానికి ఈ ఒక్క అధ్యయనం చాలు.

లోకానికి తెలిసిన ఉదాహరణ పర్యావరణ ఉద్యమకారిణి గ్రెటా థన్‌బర్గ్. తనకు ఆటిజం కోవలోని ఆస్పర్జర్స్‌తో పాటు సెలెక్టివ్ మ్యూటిజం కూడా ఉన్నట్టు వైద్యులు చెప్పారని 2018లో స్టాక్‌హోమ్ వేదిక మీద ఆమే ప్రకటించింది. అవసరమనిపించినప్పుడే మాట్లాడతానని దానికి చమత్కారంగా అర్థం కూడా చెప్పింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితిలో దేశాధినేతల్ని నిలదీసింది. ఆమె ధైర్యానికి వంక పెట్టలేం గానీ, ఆ చమత్కారం నాలుగేళ్ల పిల్లకు వర్తించదు. బాత్రూమ్‌కు వెళ్లాలని చెప్పడం అవసరం కాదనుకుని ఏ బిడ్డా ఊరుకోదు. టీవీ కామెడీలు ఇంకో అన్యాయం చేశాయి. 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో రాజ్ కూత్రపాలి అనే భారతీయ పాత్రకు ఆడవాళ్ల ముందు నోరు పెగలదు, మందు కొడితే గలగలా మాట్లాడేస్తాడు. నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఈ సమస్య పేరు చాలామంది మొదటిసారి విన్నది అక్కడే కావడం దురదృష్టం.

చికిత్స విషయానికొస్తే, నమ్మదగిన కబురు నార్వే నుంచి వచ్చింది. బేయాటె ఓర్‌బెక్ అనే మనస్తత్వవేత్త బృందం మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చేసిన చికిత్సలో ఆసుపత్రి గది దాదాపు లేనట్టే. థెరపిస్టు మొదట పాప ఇంటికి వెళుతుంది, ఎందుకంటే పాప మాట్లాడే చోటు అదే. తర్వాత బడిలో ఒక విడి గది తీసుకుంటారు. అమ్మ పక్కనుండగా పాప థెరపిస్టుతో మాట్లాడటం మొదటి మెట్టు. అమ్మ బయటికి వెళ్లాక కూడా మాట్లాడటం రెండోది. ఆపైన ఒక టీచర్ గదిలోకి వస్తుంది, తర్వాత మరికొందరు టీచర్లు, తోటి పిల్లలు. చివరికి థెరపిస్టు లేకుండానే తరగతి. ఒక్కో మెట్టు మీద ఎన్నాళ్లుండాలో పాపే నిర్ణయిస్తుంది.

ఆ గదిలో పెద్దవాళ్లు ప్రవర్తించే తీరు మన అలవాట్లకు పూర్తిగా వ్యతిరేకం. ఎదురుగా కాక పక్కన కూర్చుంటారు. ఇద్దరి చూపూ బొమ్మ మీదో ఆట మీదో ఉంటుంది. సూటిగా ప్రశ్నలు వేయరు. "ఈ ఏనుగుకు తొండం ఎక్కడ అతికించాలబ్బా" అని తమలో తాము అనుకుంటున్నట్టు పైకి అంటారు. జవాబు రాకపోతే వచ్చినట్టే ఆట సాగిస్తారు, పాప తరఫున తాము మాత్రం మాట్లాడరు. ఎప్పుడో ఒక మాట జారితే చప్పట్లు కొట్టరు, "అబ్బో, మాట్లాడావే!" అనరు. ఏమీ జరగనట్టే దానికి బదులు చెబుతారు. దీని మీద నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో నడిచే కొన్ని శిబిరాల్లో ప్రతి మాటనూ పేరు పెట్టి మరీ మెచ్చుకుంటారు. మన తరగతి గదులకు నార్వే పద్ధతే మేలనిపిస్తుంది. ఇక్కడ ఒక పిల్ల నోరు విప్పగానే నలభై మంది ఒక్కసారి "టీచర్, మాట్లాడింది!" అని కేకపెడతారు, ఆ కేకతో ఆరు నెలల శ్రమ వెనక్కిపోతుంది. అందుకే అలా కేకపెట్టకూడదని తరగతికి ముందే చెప్పి ఉంచాలి.

బ్రిటన్‌లో స్పీచ్ థెరపిస్టులు మ్యాగీ జాన్సన్, ఆలిసన్ వింట్‌జెన్స్ 2001లో ప్రచురించిన చేతిపుస్తకంలో వివరించిన పద్ధతిని మన ఊరి బడిలో కూడా పెట్టవచ్చు. బడి వదిలాక ఖాళీ తరగతిలో తల్లీ బిడ్డా కూర్చుని వైకుంఠపాళి ఆడతారు, గళ్లు పైకి లెక్కపెడతారు. తలుపు వేసి ఉంటుంది. టీచర్ వరండాలో ఉంటుంది. రెండో రోజు తలుపు ఓరగా తీసి ఉంటుంది. ఆ తర్వాత టీచర్ లోపలికి వచ్చి, వీళ్లకు వీపు పెట్టి, నోట్‌బుక్కులు దిద్దుకుంటుంది. పాప గొంతు ఆగలేదా, కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుగుతుంది. చివరికి ఒకటి అమ్మ, రెండు పాప, మూడు టీచర్ అంటూ లెక్కలో కలుస్తుంది. అప్పుడు అమ్మ మెల్లగా తప్పుకుంటుంది. బావిలో ఈత నేర్పేవాళ్లు పిల్లవాడి నడుముకు బెండ్లు కట్టి, భయం తీరిన కొద్దీ ఒక్కో బెండు విప్పేస్తారు చూడండి, ఇదీ ఆ పనే. నియమం ఒక్కటే. మనిషిని మారిస్తే చోటు మార్చకూడదు, చోటు మారిస్తే మనుషుల్ని మార్చకూడదు. రెండూ ఒకేసారి మార్చిన రోజు పాప మళ్లీ బిగుసుకుపోతుంది.

ప్రశ్న వేసే తీరులో కూడా తేడా ఉంది. "టిఫిన్ తిన్నావా?" అంటే తల ఊపి తప్పించుకోవచ్చు. "పొద్దున ఏమేం చేశావో చెప్పు" అంటే అంత పెద్ద జవాబుకు గొంతు సహకరించదు. "ఇడ్లీనా, దోసెనా?" అంటే ఒక్క మాట చాలు. అడిగాక ఐదు సెకన్లు ఆగాలంటారు నిపుణులు. ఐదు సెకన్లే కదా అనిపిస్తుంది. చుట్టాల మధ్య బిడ్డను ఒకరు ప్రశ్న అడిగాక మధ్యలో ఎవరూ అందుకోకుండా ఐదు సెకన్లు గడవడం ఎంత అరుదో ఈ ఆదివారం ఏ తెలుగింట్లోనైనా గమనించవచ్చు.

ఫలితాలు ఎలా ఉన్నాయి? నార్వే పిల్లలకు సగటున 21 వారాల చికిత్స జరిగింది. అది ముగిసిన ఏడాదికి మళ్లీ చూస్తే, మూడు నుంచి ఐదేళ్ల మధ్య వయసులో చేరినవారిలో 78 శాతం మంది ఆ రుగ్మత నుంచి బయటపడ్డారు. ఆరు నుంచి తొమ్మిదేళ్ల మధ్య వయసువారిలో అలా బయటపడ్డది 33 శాతమే. అంతరం చూడండి. "పెద్దయితే అదే మాట్లాడుతుందిలే" అన్న మన ఓదార్పు ఖరీదు ఆ రెండు అంకెల మధ్య ఉంది. ఐదేళ్ల తర్వాత 30 మందిని పరిశీలిస్తే 21 మంది పూర్తిగా కోలుకున్నారు, ఐదుగురు కొంతవరకు కోలుకున్నారు, నలుగురిలో మౌనం అలాగే ఉంది. ఏడుగురికి నలుగురిలోకి వెళ్లాలంటే ఉండే భయం మిగిలింది. మంత్రం వేసినట్టు తగ్గే జబ్బు కాదిది. అయినా ముప్ఫైలో ఇరవై ఒకటి చిన్న సంఖ్య కాదు. అమెరికాలో లిండ్సే బెర్గ్‌మన్ బృందం నాలుగు నుంచి ఎనిమిదేళ్ల మధ్య పిల్లలు 21 మందిని తీసుకుని 24 వారాల పాటు ఇదే దారిలో చేసిన చికిత్స కూడా 2013లో మంచి ఫలితాన్నే చూపింది.

మందులున్నాయా అని అడిగేవాళ్లుంటారు. ఉన్నాయి. ఫ్లూఆక్సెటిన్‌ను 1994లోనే పరీక్షించారు. 12 వారాల తర్వాత తల్లిదండ్రులకు కొంత మార్పు కనిపించింది గానీ చాలామంది పిల్లల్లో లక్షణాలు మిగిలే ఉన్నాయి. వయసు పెరిగి, మౌనం ముదిరి, మెట్ల పద్ధతికి లొంగనప్పుడు పిల్లల మానసిక వైద్యుల పర్యవేక్షణలో వాడతారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. ఇక చెవి పరీక్ష, మాట పరీక్ష మొదటే చేయించాలి. వినికిడి లోపాన్ని భయమనుకుంటే అదింకో ప్రమాదం.

థెరపిస్టు దొరకని ఊళ్లో ఏం చేయాలన్న ప్రశ్నకు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం ఒక జవాబు చూపించింది. ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన రుగ్మతలున్న 124 మంది పిల్లల్ని రెండు జట్లు చేసింది. ఒక జట్టులో పిల్లలకు చికిత్స చేశారు. రెండో జట్టులో పిల్లల్ని పిలవనే లేదు, తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చారు. బిడ్డ భయానికి తాము ఎలా వంతపాడుతున్నారో గుర్తించి, ప్రేమగా, మెల్లగా ఆ వంత తగ్గించుకోవడం ఆ శిక్షణ. 2020లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండో జట్టు మొదటి దానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆ పిల్లలు ఏడు నుంచి పద్నాలుగేళ్ల వారు, సమస్యా మౌనమొక్కటే కాదు. కాబట్టి అలాగే ఎత్తి మన అంగన్‌వాడీకి అన్వయించలేం. కానీ లిఫ్టులో పాప బదులు జవాబు చెప్పిన తల్లి విషయంలో ఏం చేయాలో దీన్నుంచి నేర్చుకోవచ్చు.

తెలుగు పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు మాత్రమే విన్న మూడున్నరేళ్ల బిడ్డను ఎల్‌కేజీలో "ఓన్లీ ఇంగ్లిష్" అని కూర్చోబెడితే కొన్ని నెలలు నోరు మెదపకపోవడం సహజం. కొత్త భాష చెవిలో నిలబడే దాకా పిల్లలు ఊరకే వింటారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ప్రీస్కూల్లో చేరిన తెలుగు పిల్లలూ అంతే. దీన్ని జబ్బనకూడదు. అలాగని ప్రతి మౌనాన్నీ భాష మీదకు నెట్టేయడమూ తప్పే. జెరూసలేం అధ్యయనంలో వలస కుటుంబాల పిల్లల్లో ఈ రుగ్మత 2.2 శాతం, మామూలు లెక్కకు దాదాపు మూడింతలు. తేడా పట్టడానికి ఒక పరీక్ష ఉంది. బడిలో తెలుగు మాట్లాడే ఆయా దగ్గర, గుడిలో తెలుగు తాతగారి దగ్గర పాప మాట్లాడుతోందా? అక్కడ మాట్లాడితే చిక్కు ఇంగ్లిష్‌తో. అక్కడా బిగుసుకుపోతే చిక్కు వేరే ఉంది. డాక్టరు చెప్పారనో టీచర్ చెప్పిందనో ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌కు మారిపోయే తల్లిదండ్రులున్నారు. బిడ్డ భయం లేకుండా మాట్లాడే ఒక్క భాషనూ అలా లాక్కోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

సిగ్గరి పిల్లలందరికీ జబ్బు అంటగడుతున్నారన్న ఆక్షేపణ రావచ్చు. సబబైన ప్రశ్నే. సిగ్గరి బిడ్డ రెండు మూడు వారాల్లో పక్క పిల్లతో గుసగుసలాడుతుంది, నెలలో టీచర్‌కు చిన్నగా జవాబిస్తుంది. దసరా సెలవులు వచ్చినా ఒక్క మాట రాని బిడ్డ సంగతి వేరు. నలభై మంది పిల్లలతో వేగే టీచర్‌కు ఇంత తీరిక ఎక్కడిదన్నది రెండో ఆక్షేపణ. దీనికి బలముంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఇది నిజంగా కష్టం. అయితే ఇందులో టీచర్ చేయవలసింది రోజూ ఒక పావుగంట, అదీ నోట్‌బుక్కులు దిద్దుకుంటూ. మిగతా బరువు తల్లి మోస్తుంది.

చట్టం ఇప్పటికే పిల్లల పక్షాన ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రవేశాలకు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడపోయడాన్ని నిషేధిస్తుంది. అయినా నాలుగేళ్ల బిడ్డను ప్రిన్సిపాల్ ఎదుట కూర్చోబెట్టి రంగుల పేర్లు అడిగే 'ఇంటరాక్షన్లు' ప్రైవేటు బడుల్లో ఆగలేదు. ఆ కుర్చీలో మొదట ఓడిపోయేది ఈ పిల్లలే. 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. మాట్లాడలేదని బెంచీ ఎక్కించడం, తోటి పిల్లల ముందు మూగదానివా అనడం ఆ సెక్షన్ కిందికే వస్తాయి.

లోటున్నది విధానంలో. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టింది. పైకి చదివి వినిపించాలి. ఇంట్లో కథల పుస్తకం గడగడా చదివే పిల్ల ఈ పరీక్షలో సున్నా తెచ్చుకుంటుంది, వెనకబడిన వారి జాబితాలో చేరుతుంది. ఇంట్లో చదివిన గొంతును తల్లి ఫోనులో రికార్డు చేసి పంపితే లెక్కలోకి తీసుకోవచ్చని ఒక్క ఉత్తర్వు ఇస్తే ఈ అన్యాయం తీరుతుంది. అసలు మన దగ్గర ఈ పిల్లలు ఎందరున్నారో ప్రభుత్వానికీ తెలియదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పదమూడేళ్ల లోపు పిల్లల జోలికి పోలేదు. అది జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.

వెతికే యంత్రాంగం మాత్రం సిద్ధంగానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. వాళ్లు చూసే 30 సమస్యల జాతీయ జాబితాలో గుండె జబ్బుంది, పుచ్చుపళ్లున్నాయి, వినికిడి లోపం, మాట ఆలస్యం, ఆటిజం ఉన్నాయి. భయం లేదు. ఆ బృందాలు నింపే కార్డులో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాలి. పాప ఇంట్లో మాట్లాడుతోందా అన్నది తల్లిని అడగాలి, ఇక్కడ మాట్లాడుతోందా అన్నది టీచర్‌ను అడగాలి. రెండు జవాబులూ కలవకపోతే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. ఈలోగా తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా అడగవచ్చు. ఈ సత్వర చికిత్సా కేంద్రాల నమూనాలో మనస్తత్వవేత్త, స్పీచ్ థెరపిస్టు, ప్రత్యేక అధ్యాపకుల పోస్టులు మొదటి నుంచీ ఉన్నాయి. అవి భర్తీ అయిన జిల్లాల్లో ఈ పని వచ్చే జూన్‌కే మొదలుపెట్టవచ్చు. ఖాళీగా ఉన్నచోట ఎన్నాళ్లుగా ఖాళీగా ఉన్నాయో స్థానిక శాసనసభ్యులు అసెంబ్లీలో అడగాలి.